శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ – ఆగిన చదువు మరల సాగిన కథ

ఏటేటా పబ్లిక్ పరీక్షల ఫలితములు వెలువడినపుడు పత్రికలలో ఒక వార్త తరచుగా కనబడుచుండును. తమిళనాడున బాలికల ఉత్తీర్ణతాశాతము బాలుర శాతముకంటె హెచ్చుగా నున్నదని ఆ వార్త. దానిని చదివి మనమందరము సంతసింతుము, సంతసింపవలసినదే. అయితే ఆ లెక్క పరీక్షకు కూర్చున్న బాలికల లెక్క మాత్రమే. ఆరవ తరగతిలో మన ప్రక్క బల్లమీద కూర్చుండి, పదవ తరగతి నాటికి కనబడకపోయిన బాలిక ఆ లెక్కలోనికి రాదు. ఆమె తెలివి చాలక బడి మానినది కాదు. ఇంటిలో పసివానిని ఎత్తుకొను చేయి లేక యొకతె, టమాటా కోతలకు మనిషి చాలక యొకతె, తండ్రి జబ్బుపడి యొకతె, పెండ్లి కుదిరి యొకతె – ఇట్లు ఒక్కొక్క కారణమున ఒక్కొక్కతె బడికి దూరమగును.

బాలిక చదువు బడిలో ఎంత నిర్ణయమగునో, ఇంటిలో అంతకంటె నెక్కువగా నిర్ణయమగును. ఈ సత్యమును తన బాల్యమున అనుభవించి, ఇతర బాలికల విషయమున ఆ నిర్ణయమును మార్చుటకు జీవితమంతయు పాటుపడిన తెలుగు మహిళ శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్. ఆమె చరిత్రను మా రాయకోట ప్రాంతపు బాలబాలికల కొరకును, వారి తల్లిదండ్రుల కొరకును ఇచట సంగ్రహముగా చెప్పదలచితిమి.

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన గోదావరీ తీరమునందలి రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆ పట్టణము సామాన్యమైనది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో సమీపమునందలి ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టెను. 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహమును రాజమహేంద్రవరముననే జరిపించెను. స్త్రీవిద్యకై అంత పోరాటము జరిగిన ఊరిలో జన్మించియు, ఈ బాలికకు ఎనిమిదవ యేటనే వివాహమయ్యెను. బాల్యవివాహము తప్పని తెలిసినవారు సయితము ఆచారమునకు వెరచి నడచుకొను కాలమది. ఆ బాలికను కలిగిన యింటి పిల్లవాని కిచ్చిరి. నాటి లెక్కలో ఆమె భవిష్యత్తు అంతటితో తీరిపోయినది.

కాని ఆ యింటి తల్లిదండ్రులు పెండ్లి చేసినంత మాత్రమున కూతురి చేతినుండి పుస్తకము లాగుకొనలేదు. రామారావు సంఘసేవయం దాసక్తి గలవాడు. కృష్ణవేణమ్మ దేశోద్యమమున పాల్గొన్న యిల్లాలు. కూతురు బడికి పోవుచుండెను. ఇరుగుపొరుగు పెద్దల సాయమున హిందీ నేర్చుకొనుచుండెను. ఇంటివారు వలదనినచో దుర్గాబాయి పేరు నేడు మనకు తెలిసియుండెడిది కాదు. ఆ తరమున అంత తెలివి గల బాలికలు ఎందరు పేరు తెలియకయే అత్తవారింటి వంటగదులలో ముసలివారైరో లెక్కించినవారు లేరు.

పండ్రెండేండ్ల ప్రాయమున దుర్గాబాయి బడి మానివేసెను. ఈసారి మాన్పించినవారు పెద్దలు కారు; తానే మానెను. పాఠములన్నియు ఆంగ్లముననే బోధింతుమను పద్ధతిని ఆమె సహింపలేకపోయెను. సొంత భాషలో అర్థమగు విషయమును పరభాషలో బట్టీపట్టుట విద్య యెట్లగునని ఆ చిన్నబాలిక వాదము. తమిళనాట తెలుగు మాధ్యమమున చదువుకొను మన బాలబాలికలకు ఈ సంగతి వేరుగా విడమరచి చెప్పనక్కరలేదు. అయినను ఇందొక విషయము గమనింపవలెను. ఆమె ద్వేషించినది భాషను కాదు, నిర్బంధమును. బడి మానినది గాని నేర్చుకొనుట మానలేదు. తనకు వచ్చిన హిందీని తోటి బాలికలకును, స్త్రీలకును నేర్పుటకు బాలికా హిందీ పాఠశాల నొకదానిని నెలకొల్పెను. మరికొన్ని యేండ్లకు ఆంగ్లమును కూడ మొదటినుండి పట్టుదలతో నేర్చి, ఆ భాషలోనే న్యాయస్థానములలో వాదించెను.

1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చెను. ఆ పట్టణమున దేవదాసీలుగా జీవించు స్త్రీలకును, ఘోషాలో నున్న ముసల్మాను స్త్రీలకును ఆయన మాటలు వినిపింపవలెనని దుర్గాబాయి సంకల్పించెను. అందుకు 5,000 రూపాయలు నిధిగా సమకూర్చవలెనని పెద్దలు నియమము పెట్టగా, ఆ స్త్రీల సాయముతోనే ఆమె దానిని సమకూర్చెను. మహాత్ముని ప్రసంగమును తెలుగున చెప్పు భాగ్యము కూడ ఆమెకే దక్కెను. ఈ సంఘటనలో మనము చూడవలసినది బాలిక సాహసము మాత్రమే కాదు. పుట్టిన కుటుంబమును బట్టియే బ్రదుకుతెరువు నిర్ణయమై, చదువునకు చోటు లేకపోయిన స్త్రీల చెంతకు ఆ చిన్ననాడే ఆమె చూపు ప్రసరించెను.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భమున జరిగిన ప్రదర్శనశాల వాకిట ఆమె స్వచ్ఛంద సేవికగా నిలిచెను. టికెట్టు లేనివారిని లోనికి పంపకూడదని ఆజ్ఞ. పండిత జవహర్‌లాల్ నెహ్రూ వచ్చినపుడు ఆయన యొద్దను టికెట్టు లేదు. పదునాలుగేండ్ల బాలిక ఆయనను కూడ ఆపివేసెను. టికెట్టు కొనిన పిదపనే లోనికి పోనిచ్చెను. నెహ్రూ కోపింపలేదు సరికదా, ఆ బాలిక కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను. ఈ కథ మన వాచకములలో పలుమారు వచ్చినదే.

అంతకంటె గొప్ప ధైర్యమును ఆమె ఇంటిలోనే చూపవలసి వచ్చెను. యుక్తవయస్సు రాగానే, ఎనిమిదవ యేట జరిగిన వివాహమునకు తాను కట్టుబడి యుండజాలనని, తన మార్గము దేశసేవయని ఆమె నిశ్చయించుకొనెను. భర్తయైన వానితో ఆ సంగతి చెప్పి, అతనిని వేరొక వివాహము చేసికొమ్మనెను. నేడు చెప్పుట సులభము. నాటి ఊరిలో ఒక బాలిక ఈ మాట పలికినచో ఆ యింటివైపు వేలు చూపనివారుండరు. అపుడు తండ్రియు, సోదరుడు నారాయణరావును ఆమె పక్షమున నిలిచిరి. లోకుల మాటకు జంకి కూతురిని బలవంతముగా పంపివేయలేదు. ఒక బాలిక జీవితమున ఇంటి పురుషులు చేయగల మేలు ఎంతటిదో తెలియుటకు ఇంతకు మించిన నిదర్శన మక్కరలేదు.

తండ్రి చిన్న వయస్సుననే గతించెను. కుటుంబభారము తల్లిమీద పడెను. అయినను తల్లి కూతురిని వెనుకకు లాగలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. మన హోసూరు చెంతనున్న తొరపల్లిలో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారి తిరుచిరాపల్లినుండి వేదారణ్యమునకు నడిచినది ఆ సంవత్సరమే. అదే సమయమున మద్రాసు నగరమున దుర్గాబాయి సత్యాగ్రహమున ముందు నిలిచి చెరసాలకు పోయెను. 1930–1933 సంవత్సరముల నడుమ మూడుసార్లు ఆమెకు కారాగారవాసము తప్పలేదు. మధుర చెరసాలలో ఒంటరి నిర్బంధమును కూడ అనుభవించెను.

చెరసాలయే ఆమెకు రెండవ పాఠశాల యయ్యెను. అచట రాజకీయ ఖైదీలు మాత్రమే గాక, హత్య, దొంగతనము మొదలైన నేరములపై శిక్షపడిన పేద స్త్రీలుండిరి. వారిలో పలువురికి అక్షరజ్ఞానము లేదు. తమపై మోపిన నేరమేమో, తాము వేలిముద్ర వేసిన కాగితమున నేమున్నదో, న్యాయస్థానమున ఏమి చెప్పుకొనవలెనో తెలియనివారే అనేకులు. చేయని నేరమును నెత్తిన వేసికొని శిక్ష ననుభవించువారును అందుండిరి. చదువులేమి స్త్రీని ఎంత దూరము తీసికొనిపోవునో ఆమె కన్నులార చూచెను. తాను చదువుకొనవలెను, న్యాయశాస్త్రము చదువవలెను, ఇట్టివారి పక్షమున నిలువవలెనని నిశ్చయించుకొని వెలుపలికి వచ్చెను.

అప్పటికి ఆమెకు ఇరువదినాలుగేండ్ల వయస్సు. చేతిలో ఉన్నత పాఠశాల పరీక్ష కూడ లేదు. ఇపుడు మన పదవ తరగతి బాలికలు పదునైదవ యేట వ్రాయు పరీక్షవంటిదానికి, దేశమంత ఎరిగిన నాయకురాలు అక్షరములనుండి ఆంగ్లము నేర్చుకొని సిద్ధపడవలసి వచ్చెను. ఆమె వెనుదీయలేదు. మదనమోహన మాలవ్యా స్థాపించిన కాశీ హిందూ విశ్వవిద్యాలయమువారి మెట్రిక్యులేషన్ పరీక్షకు చదివి ఉత్తీర్ణురాలయ్యెను. ఇంటర్మీడియటును ముగించి, బి.ఏ. చదువుటకు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చెను.

అచట మరియొక యడ్డంకి ఎదురయ్యెను. విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండినవాడు మన పొరుగు చిత్తూరు జిల్లాలోని కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి. స్త్రీలకు వసతి గృహము లేనందున ఆమెను చేర్చుకొనుటకు ఆయన సందేహించెను. వసతి లేదు గనుక బాలికలు చేరరు. బాలికలు చేరరు గనుక వసతి కట్టరు. ఈ చక్రము నేటికిని పలుచోట్ల తిరుగుచునే యున్నది. దుర్గాబాయి దానిని త్రెంచిన విధము చూడుడు. చదువుకొన గోరు స్త్రీలు ముందుకు రావలెనని పత్రికలో ప్రకటన వేసి, పదిమంది వరకు కూడగట్టి, తామే ఒక వసతి గృహమును నడుపుకొనెదమని చూపి, చోటు సంపాదించెను. తన కొక్కదానికి తలుపు తెరిపించుకొని లోనికి పోయినచో అది ఆమె విజయము మాత్రమే యయ్యెడిది. ఆమె తనతో పదిమందిని తీసికొనిపోయెను.

రాజనీతిశాస్త్రమున ఆమె ఉన్నత శ్రేణిలో పట్టము పొందెను. విదేశమున చదువుటకు టాటా వేతనము లభించినది గాని, 1939లో ప్రపంచయుద్ధము వచ్చినందున లండను ప్రయాణము సాగలేదు. అపుడు మద్రాసుననే న్యాయశాస్త్రము చదివి 1942లో పట్టభద్రురాలై వకీలు వృత్తి చేపట్టెను. బడి మానిన బాలిక ఇరువదేండ్లకు హైకోర్టున వాదించు న్యాయవాదిగా నిలిచెను.

ఈ మధ్యలోనే ఆమె చేసిన మరియొక పని మన విషయమునకు మిక్కిలి సన్నిహితమైనది. 1937లో మద్రాసునందలి మైలాపూరున ఆంధ్ర మహిళాసభకు అంకురార్పణ జరిగెను. తమిళదేశపు రాజధానిలో తెలుగు స్త్రీల కొరకు ఏర్పడిన సంస్థ అది. ఆరంభమున కొలదిమంది బాలికలను కూర్చుండబెట్టి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు చదివించుటయే పని. తాను నడచిన ముండ్ల దారిని తరువాతివారి కొరకు చదును చేయుటయే దాని యర్థము. ఏ కారణముననో చదువు మధ్యలో ఆగిన స్త్రీలు, వితంతువులు, భర్తలు విడిచినవారు అచటికి వచ్చుచుండిరి. చదువుతో బాటు చేతిపని, నర్సింగు, ఉపాధ్యాయ శిక్షణము మొదలగునవి క్రమముగా చేరెను. ఆంధ్ర మహిళ యను పత్రికను కూడ ఆమె నడిపెను. ఆ సభ కాలక్రమమున చెన్నైలోను, హైదరాబాదులోను పాఠశాలలు, కళాశాలలు, వైద్యశాలలుగా పెరిగెను.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. ఆమె బాల్యమున వివాహమాడిన వ్యక్తి వేరొక వివాహము చేసికొని, కొంతకాలమునకు మరణించెను. ఆధారము కోల్పోయిన ఆ రెండవ భార్యను దుర్గాబాయి చేరదీసి, చేతిపనిలో శిక్షణ యిప్పించి, తన కాళ్లమీద తాను నిలువగల్గునట్లు చేసెను. తన స్థానమున నిలిచిన స్త్రీకి తాను పొందిన అవకాశము దొరకలేదని ఆమె మరువలేదు. ఒకే వాకిట ఇరువురు బాలికలు నిలిచిరి. ఒకతెకు ఇంటివారు తోడైరి. మరియొకతె భర్త మరణించిన నాటికి నిరాధార యయ్యెను. తెలివిలో భేదమున్నదో లేదో మనము చెప్పలేము. పరిస్థితులలో భేదమున్నదని మాత్రము నిశ్చయముగా చెప్పగలము.

1946లో ఆమె మద్రాసు రాష్ట్రమునుండి భారత రాజ్యాంగ సభకు ఎన్నికయ్యెను. ఆ సభలో స్త్రీలు పదునైదుగురు మాత్రమే. సభాధ్యక్షుల పట్టికలో చోటు పొందిన మహిళ ఆమెయొక్కతెయే. పదునాలుగేండ్ల లోపు బాలబాలికలందరికి ఉచిత నిర్బంధ విద్య నీయవలెనను ఆదేశమును, భాషామైనారిటీలు తమ భాషను కాపాడుకొనుటకును, తమ విద్యాసంస్థలను నడుపుకొనుటకును గల హక్కును ఆ సభయే మనకిచ్చెను. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు వసతులు కల్పింపవలెనను 350–ఎ అధికరణము 1956లో చేరెను. మన తెలుగు తరగతులకు ఇవియే పునాదిరాళ్లు.

1952 ఎన్నికలలో దుర్గాబాయి ఓడిపోయెను. ఆ యోటమియే ఆమెను మరియొక గొప్ప కార్యమునకు మరలించెను. ప్రణాళికా సంఘమున ఆమెను సభ్యురాలిగా నియమించిరి. 1953 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ దేశముఖును ఆమె వివాహమాడెను. ఎనిమిదవ యేట ఇతరులు నిర్ణయించిన పెండ్లికిని, నలుబదిమూడవ యేట తాను నిర్ణయించుకొన్న పెండ్లికిని నడుమ ఆమె చదువంతయు నిలిచియున్నది. ఆ సంవత్సరముననే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా, దానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యెను.

ఆ మండలి 1958లో ప్రారంభించిన సంగ్రహ విద్యాతరగతులు ఆమె జీవితమునుండి నేరుగా పుట్టినవని చెప్పవచ్చును. బడి మధ్యలో మానిన పెద్ద వయస్సు స్త్రీలను రెండు మూడు సంవత్సరములలో మిడిల్ లేక మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపరచుట వాని యుద్దేశము. అట్లు చదివినవారు గ్రామసేవికలు, దాదులు, ఉపాధ్యాయినులుగా పనికి రాగలరు. పల్లెలో ఉపాధ్యాయిని లేనందున తల్లిదండ్రులు బాలికలను బడికి పంపరు. బాలికలు చదువనందున పల్లెకు ఉపాధ్యాయిని దొరకదు. ఈ రెండవ చక్రమును త్రెంచుటకు ఆమె చదువు మానిన స్త్రీలనే సాధనముగా చేసికొనెను.

1951 జనాభా లెక్కల నాటికి మన దేశమున నూరుగురు స్త్రీలలో సుమారు తొమ్మిదిమందికి మాత్రమే చదువ వ్రాయ వచ్చును. ఈ స్థితిని పరిశీలించుటకు కేంద్ర ప్రభుత్వము 1958లో స్త్రీవిద్యా జాతీయ సంఘమును నియమించి, దుర్గాబాయిని అధ్యక్షురాలిగా చేసెను. 1959లో వెలువడిన ఆ నివేదికలోని ముఖ్యాంశము ఒక్కటి. బాలికల విద్య దానంతట అది పెరుగునని ఊరకుండరాదు. కొన్ని సంవత్సరములపాటు దానిని ప్రత్యేక సమస్యగా నెంచి ప్రత్యేకముగా ధనము కేటాయింపవలెను. వసతి గృహములు, ఉచిత పుస్తకములు, బట్టలు, పల్లెలలో ఉపాధ్యాయినులకు ఇండ్లు – ఇట్టివానిపై ఆ సంఘము దృష్టి నిలిపెను. ఇవి పైకి చిన్న విషయములవలె తోచును. కాని కొలది రాబడి గల యింటిలో కొడుకు పుస్తకములకు డబ్బు వెదకిన తరువాత కూతురి పుస్తకములకు మిగులనపుడు, ఆ పుస్తకమే ఆ బాలిక భవిష్యత్తును నిర్ణయించును.

ఆ నివేదిక ననుసరించి 1959లో జాతీయ స్త్రీవిద్యా మండలి ఏర్పడెను. దానికిని ఆమెయే మొదటి అధ్యక్షురాలు. పల్లెలలో బాలికల చదువునకు ప్రజల మద్దతు ఏల చాలకున్నదో విచారించుటకు ఆ మండలి 1963లో నియమించిన సంఘమునకు మద్రాసు రాష్ట్రపు భక్తవత్సలము అధ్యక్షత వహించెను. 1964–66లో కోఠారీ సంఘము సయితము దుర్గాబాయి సంఘపు సూచనలను బలపరచెను.

దుర్గాబాయి కృషికి గుర్తింపుగా 1975లో ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదము నిచ్చెను. ఆ సంవత్సరమే ఆమె భర్తకును అదే బిరుదము లభించెను. 1981 మే 9వ తేదీన ఆమె కీర్తిశేషురాలయ్యెను. కుటుంబ వివాదములకు వేరు న్యాయస్థానములుండవలెనని ఆమె చిరకాలము కోరినది. ఆ శాసనము 1984లో, ఆమె గతించిన మూడేండ్లకు వచ్చెను.

ఆమె కాలమునకును మన కాలమునకును చాల మార్పు వచ్చినది. ఆమె పెండ్లినాడు బాల్యవివాహమును నిషేధించు శాసనమే లేదు. 1929 శారదా చట్టము బాలిక వయస్సును 14గా నిర్ణయించెను. 1978లో అది 18 అయ్యెను. 2006 చట్టము బాల్యవివాహమును జరిపించువారిని శిక్షార్హులను చేసినది. కామరాజు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 1956లో, మధ్యాహ్న భోజన పథకము వ్యాపించి పేదబిడ్డలను బడికి రప్పించెను. తమిళనాడున ఒకనాడు మూవలూరు రామామృతమ్మ పేర పేద బాలికల పెండ్లికి సాయము చేయు పథకముండెడిది. 2022లో దానిని మార్చి, ప్రభుత్వ పాఠశాలలలో 6నుండి 12వ తరగతి వరకు చదివి పైచదువునకు పోవు బాలికకు నెలకు 1,000 రూపాయల నిచ్చు పుదుమైపెణ్ పథకముగా చేసిరి. పెండ్లి ధనము చదువు ధనమైనది. దుర్గాబాయి ఈ మార్పును చూచియున్నచో ఎంత సంతసించియుండెడిదో మనము ఊహించుకొనవచ్చును.

అయినను ప్రభుత్వము ఈయగలవి కొన్ని, ఈయలేనివి కొన్ని. పుస్తకము నీయగలదు, ఆ పుస్తకము చదువుటకు సాయంకాలము గంటసేపు తీరిక నీయవలసినది ఇల్లు. సైకిలు నీయగలదు, దానిమీద పొరుగూరి బడికి పోవు కూతురిని గురించి నలుగురాడు మాటను లెక్కచేయకుండ నిలువవలసినది తండ్రి. వసతి గృహము కట్టగలదు. అందు చేర్పించుటకు మనసు గట్టిచేసికొనవలసినది తల్లి. మా రాయకోట కొండ చుట్టునున్న పల్లెలలో తెలుగు, తమిళము, కన్నడము మాటలాడు ఇండ్లన్నియు కలసియున్నవి. భాషలు వేరైనను ఈ విషయమున కష్టమొక్కటే. కూతురు ఒక దినము తోటపనికి వచ్చినచో దొరకు కూలి ఆ సాయంకాలమే చేతికి వచ్చును. ఆమె చదువు ఫలము పదేండ్లకు గాని రాదు. బీద తండ్రి ఆ కూలివైపు చూచుట తప్పని మేము నిందింపము. ఆ కూలి లేకయు ఇల్లు గడచు మార్గమున్నదేమో, బడివారితోను బంధువులతోను ఒకసారి ఆలోచింపుమని మాత్రము కోరుదుము.

అన్నలారా, తమ్ములారా! నీరు తెచ్చుట, పసివారిని చూచుకొనుట అక్కచెల్లెండ్ర పనియే యని శాస్త్రమున నెక్కడను లేదు. ఆ పనిలో సగము మీరు పంచుకొన్ననాడు ఆమెకు రోజున గంటసేపు చదువు దొరకును. దుర్గాబాయి వెనుక నారాయణరావు నిలిచినట్లు మీరును నిలువవచ్చును. అందుకు ధన మక్కరలేదు.

బాలికలారా! చదువుకొను వీలున్న ఈ వయస్సు మరల రాదు గనుక దానిని వ్యర్థము చేయకుడు. ఏ కారణముననైనను మీలో ఒకతె చదువు ఆగినచో, అది ముగిసినదని తలంపకుడు. మెట్రిక్యులేషన్ లేని ఇరువదినాలుగేండ్ల స్త్రీ మరల పలక పట్టుకొని న్యాయవాది కాగలిగెను. మాతృభాషను విడువకుడు, పొరుగు భాషను, లోకభాషను నేర్చుకొనుటకు వెరవకుడు. మీ తరగతిలో ఒక స్నేహితురాలు నాలుగు దినములు వరుసగా రానపుడు ఆమె యింటికి పోయి కారణ మడుగుడు, ఉపాధ్యాయులకు తెలుపుడు. వాల్తేరున దుర్గాబాయి తనతో పదిమందిని తీసికొనిపోయెను. మీరు ఒక్కతెను తీసికొనిపోయినను చాలును.